మంచిగనే ఉన్నది

ఆ ఎండాకాలం మా ఇంటి వసారాలో రెండు నెలలకు పైగా ఒక కయాక్, పందేలలో ఒక్కరే కూర్చొని తెడ్డు వేసే సన్నటి పడవ, ఉంది. మా వసారా పన్నెండు అడుగులు. కయాక్ పదిహేడు అడుగులు. అందుకే దాని ముక్కు వసారా దాటి పక్కింటి విమలాబాయి గోడ దాకా పోయేది. ఆమె అప్పుడప్పుడూ ఒక తడి తువ్వాలు దాని మీద ఆరేసేది. “మౌశీ, ఇది పడవ, దండెం కాదు!” అని మా చెల్లెలు రూపాలి ఇంట్లోంచి అరిచేది.

మేముండేది నాందేడ్‌కు ఎగువన, విష్ణుపురి డ్యామ్ నీళ్లు వెనక్కి నిలిచే ఒడ్డున. మా బాపు సంగన్న కర్ఖేలి నుంచి కూలిపనికి వచ్చి, ఇక్కడి చేపల సొసైటీలో చిన్న మోటారు పడవ నడిపే పనిలో కుదురుకున్నాడు. వలలవాళ్ల దగ్గర చేపల పెట్టెలు ఎక్కించుకొని డ్యామ్ దగ్గరి రేవులో దింపి రావడం ఆయన పని. రూపాలి ఆ పడవలోనే పెరిగింది. పదమూడేళ్లప్పుడు రేవు పక్క క్లబ్బులో పిల్లలు కయాక్ నడుపుతుంటే చూసి, తననూ కూర్చోబెట్టమని అక్కడి కోచ్ అనికేత్ సర్ వెంటపడింది. నాలుగేళ్లు తిరిగేసరికి జిల్లాలో ఆమెను దాటే ఆడపిల్ల లేకుండాపోయింది.

ఆ మార్చిలో క్లబ్బు ముందు నీళ్లన్నీ గుర్రపుడెక్క కమ్మేసింది. తెడ్డు వేస్తే వేర్లు చుట్టుకునేవి. మా ఊరి ముందర మాత్రం నీళ్లు శుభ్రంగా, అలలు లేకుండా సాఫీగా ఉండేవి. అనికేత్ సర్ బాపును పిలిచి, “కాకా, యే బోట్ ఆప్‌కే ఘర్ రఖో. ఉధర్ పానీ సాఫ్ హై” అని, కయాక్‌ను మా ఇంట్లోనే పెట్టుకోమన్నాడు.

రోడ్డు మీద తేవాలంటే బస్సువాళ్లు ఎక్కించుకోరు. టెంపోలో వేస్తే మా దారి గుంతలకు పగిలిపోతుంది. బాపు మోటారు పడవలోనే తెస్తానన్నాడు. పడవకు అడ్డంగా రెండు చెక్కలు వేశాడు, ముందొకటి, వెనకొకటి. వాటికి పాత సైకిల్ ట్యూబులు చుట్టి, ట్యూబుల మీద మా అమ్మ పాత చీరలు మడతలు పెట్టి పరిచాడు. కయాక్‌ను ఆ చీరల మీద పడుకోబెట్టి ముందొక తాడు, వెనకొక తాడు కట్టాడు. రూపాలి రేవులో నిలబడి చెక్కలను ఊపి ఊపి చూసింది.

“బరువేం లేదు బిడ్డా, పన్నెండు కిలోలు గూడ ఉండదు. దీనికి బరువుతోని బాధ లేదు, గాలితోనే బాధ. ముక్కు కిందికి గాలి జొచ్చిందంటే ఆకు లెక్క లేపుతది. అందుకే ముందటి ముడి గట్టిగుండాలె” అన్నాడు బాపు.

ముడులు వేయడంలో బాపుకు పేరుంది. వలలవాళ్లు కూడా కొత్త వలకు బరువులు కట్టేటప్పుడు ఆయన్ను పిలిచేవాళ్లు.

అట్లా వచ్చింది కయాక్ మా ఇంటికి.

మార్చి, ఏప్రిల్ నెలలు మా ఇంట్లో అందరం తెల్లారకముందే లేచేవాళ్లం. రూపాలి నీళ్ల మీదికి పోయేది. నేను ఒడ్డున నిలబడి ఫోన్‌లో టైమ్ చూసేదాన్ని. ఇటు మోటరు పైపు, అటు విరిగిన కరెంటు స్తంభం, రెంటి మధ్య ఐదువందల మీటర్లని అనికేత్ సర్ కొలిచి ఇచ్చాడు. “ఎంతనే అక్కా?” అని అక్కడి నుంచే అరిచేది. “రెండు నిమిషాల ఇరవై!” “జూటా!” “జూటేంది, వచ్చి చూస్కో!” ఏప్రిల్ మధ్యకొచ్చేసరికి రెండు నిమిషాల పదహారు. ఆ అంకె మొదటిసారి చూసినప్పుడు రూపాలి కంటే ముందు నేనే ఎగిరాను. అది నిజం. ఇప్పుడు ఏది చెప్పినా ఎవరూ నమ్మరేమో గానీ, ఆ ఒడ్డు మీద ఆ రెండు నెలలు నేను నిజంగానే సంతోషపడ్డాను.

ఆరున్నరకు నేను ఇంట్లోకి రావాలి. అవ్వను పక్కకు తిప్పాలి.

మా అమ్మ మైసవ్వను మేము అవ్వ అంటాం. అప్పటికి రెండేళ్ల కిందట జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు మీద పడి నడుము కింద స్పర్శ పోయింది. రెండు గంటలకొకసారి పక్క తిప్పకపోతే పుండ్లు పడతాయి. అది జరిగిన ఏడే నాకు నాందేడ్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. వదిలేశాను. మరుసటి ఏడు మళ్లీ వచ్చింది. మళ్లీ వదిలేశాను. ఆ చలికాలం ఒకరోజు అవ్వ పుండు కడుగుతున్నప్పుడు రూపాలే అంది. “నా పన్నెండో క్లాసు పరీక్షలు మార్చిల అయిపోతయి. ఇగ జూన్ సంది నీ వంతు అక్కా. నేను ఇంటికాడ ఉంట. కాలేజీకి పోకుంట బయట నుంచే రాస్త.”  ఆ రోజు నుంచి జూన్ కోసం రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఏప్రిల్ చివర్లో అనికేత్ సర్ బైక్ మీద మా ఇంటికి వచ్చాడు. వసారాలో కయాక్ పక్కన కుర్చీ వేశాం. మే రెండో ఆదివారం సెలెక్షన్ ఉందని, ఈసారి నాందేడ్‌లోనే పెట్టారని, అప్పటికి క్లబ్బు ముందు గుర్రపుడెక్క తీయించేస్తారని చెప్పాడు. మొదటి ముగ్గురు ఆడపిల్లల్ని పుణె హాస్టల్‌కు తీసుకుంటారు. మూడేళ్లు అక్కడే చదువు, తిండి, శిక్షణ. పద్దెనిమిది నిండనివాళ్లకే. రూపాలికి సెప్టెంబర్‌లో పద్దెనిమిది నిండుతాయి.

“యేచ్ సాల్ హై, కాకా. ఇసీ బార్” అన్నాడు సర్, ఈ ఏడు తప్పితే మళ్లీ లేదని.

బాపు ముఖం వెలిగిపోయింది. నేను చాయ్ పోస్తున్నాను. లోపలి నుంచి అవ్వ అడిగింది. “మరి పెద్దదాని చదువు?”

సర్‌కు తెలుగు రాదు. బాపుకు వినపడింది. ఆయన చాయ్ సాసర్లో పోసుకొని ఊదుకుంటూ కూర్చున్నాడు. 

ఆ సాయంత్రం అవ్వను తిప్పేటప్పుడు రూపాలి భుజాల వైపు, నేను కాళ్ల వైపు నిలబడ్డాం.

“అక్కా, నువ్వు వద్దంటే నేను పోను” అంది రూపాలి.

“నేనెందుకు వద్దంట?”

“నీకు మాటిచ్చిన కదా. జూన్‌ల నువ్వు పోవాలె.”

“వచ్చేయేడు పోత తియ్.”

“పోయినేడు గూడ గదే అంటివి.”

“ముందుగాల భుజం పట్టుకో, అవ్వకు నొస్తది.”

అవ్వ గోడ వైపు తిరిగి పడుకొని, “నేను సచ్చిపోతే ఇద్దరు పోతురు” అంది. కోపంగా కాదు, మామూలుగా అంది. రూపాలి “గట్లనకు అవ్వా” అని కసిరి ఏడుపు మొదలుపెట్టింది. నేను ఏడవలేదు. “పోవే, పో. సెలెక్షన్‌ల గెలువు. అవ్వను నేను చూసుకుంట” అన్నాను. రూపాలి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆమె చేతులు తెడ్డు పట్టి పట్టి కాయలు కాసి, మా బాపు చేతుల్లాగే ఉన్నాయి. ఆమె వీపు నిమిరాను. నిమురుతున్నంతసేపూ నాకు ఒకటే లెక్క. నాకు ఇరవై రెండు. ఇంకో మూడేళ్లు.

ఆ తర్వాత కూడా రోజూ ఒడ్డున నిలబడి టైమ్ చూశాను. కాకపోతే ఆమె వెనకబడిన రోజు, రెండు నిమిషాల ఇరవై రెండు వచ్చిన రోజు, నాకు ఎందుకో ఊపిరి తేలికైంది. దాన్ని నేను పట్టించుకోనట్టే ఉన్నాను.

సెలెక్షన్‌కు ముందురోజు రూపాలి రోడ్డు మీద బస్సులో క్లబ్బుకు వెళ్లింది. బయటి జిల్లాల పిల్లలందరితో పాటు అక్కడే పడుకొని పొద్దున కాగితాలు చూపించాలి. కయాక్‌ను బాపు, నేను మోటారు పడవలో తేవాలి. దాన్ని ఎత్తడానికి, దించడానికి ఇద్దరు కావాలి. అవ్వ దగ్గర విమలాబాయి ఉంటానంది.

బాపు ఆ రోజు కోసం కొత్త తాడు తెచ్చాడు. నీలంరంగు నైలాన్ తాడు, నిగనిగలాడుతోంది. “పాతది చీకిపోయింది. బిడ్డ సెలెక్షన్‌కు పాత తాడెందుకు” అన్నాడు. ఇంట్లో అందరికంటే ముందు లేచి, స్నానం చేసి, పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల అంగీ వేసుకున్నాడు. ముందు చెక్క దగ్గర ముడి వేసి, గుంజి చూసి, కాలితో తన్ని చూశాడు. వెనక చెక్క దగ్గరా అంతే.

ఆరింటికి బయలుదేరాల్సింది. ఇంజన్ స్టార్ట్ కాలేదు. బాపు ప్లగ్గు విప్పి తుడిచి, మళ్లీ పెట్టి తాడు లాగి లాగి చివరికి కదిలేసరికి ఆరున్నర దాటింది. ఎనిమిదింటికి కయాక్‌ను తూచి కొలుస్తారట. అప్పటికి అక్కడుండాలి.

బాపు వెనక ఇంజన్ దగ్గర కూర్చున్నాడు. నేను ముందు చెక్క పక్కన కూర్చున్నాను. మా మధ్య కయాక్, అవ్వ పాత చీరలు. అటు కూర్చున్న బాపుకు ముందటి ముడి కనపడదు. నాకు మాత్రం చెయ్యి చాపితే అందుతుంది.

మొదట్లో నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఏడున్నరకు మేము పెద్ద నీళ్లలోకి వచ్చాం. అక్కడ రెండు ఒడ్లూ దూరం జరిగిపోతాయి. గాలి మొదలైంది. మేలో ఎండ ఎక్కేకొద్దీ లేచే గాలి అది. చిన్న అలలు పక్క నుంచి కొట్టాయి. ఒక్కో అలకు పడవ ఊగుతోంది, కయాక్ ముక్కు కొంచెం లేచి పడుతోంది.

అప్పుడు చూశాను ముడిని.

ఇది సరిగ్గా చెప్పాలి. నేను కునుకు తీయలేదు. దిక్కులు చూస్తూ కూర్చోలేదు. కొత్త తాడు కదా, జారుతోంది. ఒక్కో అలకు తాడు కొస ముడిలోంచి ఒక వేలెడంత లోపలికి పోతోంది. బిగువుగా ఉన్న ముడి మెల్లగా వదులై కన్ను తెరిచినట్టు తెరుచుకుంటోంది. నేను చెయ్యి చాపి కొసను పట్టుకొని ఒక్క గుంజు గుంజితే చాలు. లేదా బాపూ అని ఒక్క కేక వేస్తే చాలు, ఇంజన్ తగ్గించి వచ్చి మళ్లీ కట్టేవాడు.

ఊడిపోవాలని నేను కోరుకోలేదు. అట్లా అనుకున్న గుర్తు నాకు లేదు. నాకు గుర్తున్నది నర్సింగ్ స్కూల్ గేటు ముందు చాయ్ బండి. మొదటిసారి ఫారం ఇవ్వడానికి పోయినప్పుడు అక్కడ తెల్ల డ్రెస్సుల్లో నలుగురు అమ్మాయిలు నవ్వుకుంటూ చాయ్ తాగుతున్నారు. ఆ నవ్వులు గుర్తొచ్చాయి. నా రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి.

వెనక నుంచి ఇంజన్ మోత మీదుగా బాపు అరిచాడు. “ముందటి ముడి ఎట్లున్నది బిడ్డా?”

నేను ముడి వైపు చూస్తూనే చెప్పాను. “మంచిగనే ఉన్నది బాపూ.”

“అయితే జర తేజ్ జేస్త. ఆలస్యమైతున్నది.”

ఇంజన్ మోత పెరిగింది. పడవ ముందుభాగం లేచింది. రెండో అలకో మూడో అలకో గాలి కయాక్ ముక్కు కిందికి దూరింది. తాడు జర్రున జారిపోయింది. కయాక్ ముక్కు గాల్లోకి లేచి పడవ అంచు దాటి నీళ్లలో పడింది. వెనక ముడి మాత్రం ఊడలేదు. బాపు వేసిన ముడి అది. పడవ ముందుకు పోతుంటే నీళ్లు ముక్కును వెనక్కి లాగాయి, వెనకభాగం చెక్కకు బిగిసి ఉంది. ఎండిన సొరకాయ పగిలినట్టు ఒక చప్పుడైంది.

బాపు ఇంజన్ ఆపేసి, తెల్ల అంగీతోనే నీళ్లలోకి దూకాడు. ముక్కు పట్టుకొని ఇంకా మెలిపడకుండా భుజం అడ్డం పెట్టాడు. “ఎనుక తాడు ఇప్పు బిడ్డా! ఇప్పు జల్ది!” అన్నాడు. విప్పాను. అప్పుడు నా చేతులు చకచకా పనిచేశాయి. ఇద్దరం దాన్ని మళ్లీ చెక్కల మీదికి ఎత్తాం. సీటు వెనక ఒక జానెడు పగులు. బాపు దాని మీద అరచెయ్యి పెట్టి మూసినట్టు పట్టుకున్నాడు. నీళ్లు కారుతున్న ముఖంతో నన్ను చూశాడు.

“నీకేం కాలే కదా?”

లేదని తల ఊపాను.

మిగిలిన దారంతా నేను ఇంజన్ పట్టాను. బాపు కయాక్ మీద బోర్లా పడుకొని రెండు చేతులతో పట్టుకొని వచ్చాడు.

రేవులో రూపాలి నిలబడి చెయ్యి ఊపుతోంది. దగ్గరికొచ్చేకొద్దీ ఊపడం ఆగిపోయింది. కయాక్ దించాక మోకాళ్ల మీద కూర్చొని పగులు పొడవునా వేళ్లతో తడిమింది. అనికేత్ సర్ పరుగెత్తుకొచ్చి టేపు చుట్టి నీళ్లలో పెట్టి చూశాడు. లోపలికి నీళ్లు ఊరుతూనే ఉన్నాయి.  సర్ క్లబ్బు షెడ్డులోంచి ఒక పాత కయాక్ తీయించాడు. అది వెడల్పుగా, బరువుగా ఉంది, నేర్చుకునే పిల్లలది. కాళ్లు తన్ని పెట్టుకునే పట్టీ ఆమెకు సరిపోలేదు. దాన్ని సరిచేయడానికి స్క్రూ తిరగలేదు, తుప్పు పట్టింది.

“చలేగా సర్” అంది రూపాలి, దాంతోనే సరిపెట్టుకుంటూ.

తొమ్మిది మంది ఆడపిల్లలు. నేను అలవాటుగా ఫోన్ తీసి టైమ్ మొదలుపెట్టాను. సగం దాకా రూపాలి రెండోది. ఆ తర్వాత ఆ వెడల్పాటి పడవ నీళ్లను తోసుకుంటూ పోవడం ఒడ్డు నుంచే కనపడింది. ఆమె భుజాలు విరిగేంతగా తెడ్డు వేసింది. చివర్లో నాలుగోది. మూడోదానికీ ఆమెకూ మధ్య ఒక చేపల పెట్టె పొడవంత దూరం. నా ఫోన్‌లో రెండు నిమిషాల పంతొమ్మిది.

ఒడ్డుకొచ్చి కాసేపు పడవలోంచి లేవలేదు. బాపు మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి పడవ అంచు పట్టుకున్నాడు.

“తప్పు నాదే బిడ్డా. కొత్త తాడు జారుతదని నాకెరుక లేకనా. పైగ తేజ్ జేసిన. అక్కను అడిగిన గూడ. అక్క చూసింది, అప్పుడు మంచిగనే ఉండె. నేను తేజ్ జేసినంకనే ఊడింది.”

“నీ తప్పేంలేదు బాపూ, గాలి” అంది రూపాలి.

నేను తువ్వాలు పట్టుకొని నిలబడి ఉన్నాను. ఆమె పైకొచ్చి తువ్వాలు తీసుకొని ముఖం దాచుకుంది. తర్వాత ముఖం తుడుచుకొని నాతో అన్న మొదటి మాట ఇది. “ఇగ నీ ఫారం నింపుదాం అక్కా.”

ఫారం నింపింది ఆమే. నా చేతిరాత బాగుండదని తనే రాసింది. జూన్‌లో కాగితాలు, జూలైలో చేరడం. నా పెట్టె సర్దింది. అవ్వను తిప్పే వేళలు ఒక అట్టముక్క మీద రాసి మంచం పక్కన గోడకు అంటించుకుంది. పగిలిన కయాక్‌ను క్లబ్బువాళ్లు తీసుకుపోయారు. వసారా ఖాళీ అయింది.

నేను కోరుకున్నది నాకు దొరికింది. తెల్ల డ్రెస్సు, హాస్టల్ మంచం, గేటు ముందు చాయ్. మొదటి వారం అక్కడ చాయ్ తాగుతూ నలుగురితో కలిసి నేనూ నవ్వాను. నవ్వు మధ్యలో ఆగాను. గ్లాసు పక్కన పెట్టేశాను.

ఆదివారం ఆదివారం ఇంటికి వచ్చేదాన్ని. వచ్చినప్పుడల్లా బాపు ఇంకాస్త తగ్గిపోయినట్టు కనిపించేవాడు. రేవులో ఎవరు కలిసినా అదే చెప్పేవాడట. “నా చేతులారంగ బిడ్డ బతుకు నీళ్లల్ల కలిపిన” అని. వలలవాళ్లు కొత్త వలకు పిలిస్తే పోవడం మానేశాడు. అవ్వ చెప్పింది. “రాత్రి లేచి కూసుంటడే. తాడు ముక్క తీసుకొని ముడేస్తడు, ఇప్పుతడు, మల్ల ఏస్తడు.”

ఆగస్టులో ఒక ఆదివారం వాన వెలిసిన పొద్దున బాపుతో మా ఊరి ఒడ్డుకు వెళ్లాను. ఐసు నింపిన చేపల పెట్టెలు పడవలో పేర్చి తాడుతో కట్టాలి. ఇరవై ఏళ్లుగా ఆయన రోజూ చేసే పని. బాపు తాడు తీసుకొచ్చి నా చేతికిచ్చాడు.

“నువ్వే కట్టు బిడ్డా. నా ముడి మీద నాకు నమ్మకం లేదు.”

తాడు అందుకున్నాను. నా నోట్లోంచి మాట తనంతట తానే వచ్చింది.

“బాపూ, ఆ దినం ముడి నీవల్ల ఊడలే.”

“ఊకో బిడ్డా.”

“కాదు, ఇను. నువ్వు అడిగినప్పుడు అది అప్పటికే ఊడుతున్నది. నేను చూసిన. చూస్కుంటనే మంచిగున్నదని చెప్పిన. చెయ్యి పెడితే ఆగుతుండె. పెట్టలే. రూప పోతే నేను ఇంటికాడనే ఉండాల్సొస్తదని పెట్టలే.”

బాపు నా వైపు తిరిగాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత నవ్వాడు. మే నెల తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

“పిచ్చిదానా. నా మీది బరువు దించనీకి నీ నెత్తి మీద ఏసుకుంటున్నవా?”

“బాపూ, ఒట్టు. నిజం.”

“నాకెరుక లేదా నా బిడ్డ? రెండేండ్లు అవ్వను చంటిపిల్ల లెక్క చూసుకున్నవు. చదువు ఇడిచిపెట్టినవు. ఒక్కనాడు మూతి ముడువలే. నువ్వు గట్ల జేస్తవా? ఎవలన్న నమ్ముతరా?”

“జేసిన బాపూ.”

“ఊకో ఇగ.” నా తల మీద చెయ్యి పెట్టాడు. “నీ అసోంటి బిడ్డ ఉన్నంక నాకేంది.” కళ్లు తుడుచుకొని, నా చేతిలోంచి తాడు తీసుకొని పెట్టెల చుట్టూ తానే తిప్పి ముడి వేశాడు. గుంజి చూసి, కాలితో తన్ని చూశాడు.

నేను వెనక్కి తిరిగాను. గట్టు మీద రూపాలి బాపు టిఫిన్ డబ్బా పట్టుకొని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ముఖం చూస్తే తెలిసింది, అంతా వింది. బాపులా ఆమె నవ్వలేదు. కిందికి దిగివచ్చి డబ్బా పడవలో పెట్టి, నా వైపు చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది.

ఆ రోజంతా ఇంట్లో ఇద్దరమే అవ్వను తిప్పాం. భుజాల వైపు ఆమె, కాళ్ల వైపు నేను. “అట్ల” “ఇట్ల” తప్ప మాటలు లేవు. సాయంత్రం నాలుగింటికి నా సంచి ఎప్పటిలాగే తనే భుజాన వేసుకొని బస్సు ఆగే చోటికి నాతో వచ్చింది. రోడ్డంతా బురద. సోయా చేన్ల పక్కన నిలబడ్డాం.

“బాపుకు మల్ల చెప్పకు” అంది.

“ఆయన నమ్మలే.”

“నమ్మొద్దు గూడ. ముడి ఊడిందన్న బాధ మోస్తున్నడు, ఎట్లనో మోస్తడు. ఇది మోయలేడు.”

“నువ్వు నమ్మినవా?”

రూపాలి రోడ్డు చివర వైపు చూసింది. బస్సు ఇంకా కనపడలేదు.

“నేను నమ్మిన” అంది.  “నువ్వు వద్దంటే పోకపోదును అక్కా. నిన్ను అడిగిన. ఒక్క మాట చెప్తే అయిపోతుండె. ఒడ్డు మీద గంత టైమ్ చూసి, గంత అరిచి...” 

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఆమె విదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు. ఊరికే ఉంచింది. బస్సు వచ్చింది. సంచి లోపలికి అందించి, నేను కిటికీ దగ్గర కూర్చునేసరికే వెనక్కి తిరిగి నడుస్తోంది.

మూడేళ్లు కావస్తోంది. నాది ఆఖరి సంవత్సరం. రూపాలి డిగ్రీ బయటి నుంచి రాస్తోంది. బాపుకు కళ్లు సరిగా ఆనక పొద్దుటి ట్రిప్పు సొసైటీ పడవ ఆమే నడుపుతోంది. ఆమె తిరిగొచ్చేదాకా విమలాబాయి అవ్వ దగ్గర కూర్చుంటుంది. నన్ను ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది. తిన్నావా అని అడుగుతుంది. పండక్కి నాకూ ఒక డ్రెస్సు బట్ట తెస్తుంది. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. రెండు నిమిషాల పదహారు గురించి కూడా ఎత్తలేదు.

బాపు మాత్రం ఎత్తుతాడు. ఇంటికి ఎవరొచ్చినా, కర్ఖేలి నుంచి చుట్టాలొచ్చినా చెప్తాడు. తండ్రి తప్పు తన మీద వేసుకోవడానికి పెద్దబిడ్డ ఎట్లా ఒట్టు పెట్టుకుందో, ఎట్లాంటి మనసు దానిదో. వాళ్లంతా నా వైపు చూస్తారు. నేను తల దించుకొని గిన్నెలు తీసుకొని లోపలికి పోతాను.

“పొగిడితే దానికి సిగ్గు” అంటాడు బాపు.

సిగ్గే.